ఒకసారి తొక్కితే పలకదు, రెండోసారికి పలుకుతుంది: మిడి ఫుట్ కంట్రోలర్ మ్యాపింగ్‌లో చిక్కు ఎక్కడ?

పోయిన డిసెంబరులో ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాతో తిరుగుతాడు. పది స్విచ్చుల ఫుట్ కంట్రోలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రెండు చేతులూ కీల మీద ఉన్నప్పుడు మౌస్ ముట్టుకోకుండా, కాలితోనే ల్యాప్‌టాప్‌లోని సౌండ్లు నడుపుకోవాలని అతని కోరిక. ఒక స్విచ్చు వెనక సాగుతూ ఉండే ప్యాడ్ సౌండుకి, ఒకటి తిరిగి తిరిగి మోగే రిథమ్ లూపుకి, ఇంకొకటి గొంతుకు ప్రతిధ్వని ఇచ్చే మైకు రివర్బుకి అని అన్నీ కుదుర్చుకున్నాడు. రిహార్సల్లో తేడా కొట్టింది.

"మొదటిసారి తొక్కితే ఆన్ అయితాంది నా. ఆ తర్వాత ఆఫ్ చేయాలన్నా, మళ్లా ఆన్ చేయాలన్నా రెండేసి సార్లు తొక్కాల. అన్ని స్విచ్చులూ అట్లే చేస్తాండాయి. పాడైపోయిన వస్తువు అంటగట్టినారేమో. పదిరోజుల్లో క్రిస్మస్," అన్నాడు. గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది.

పదికి పది స్విచ్చులు ఒకే రకంగా పాడవ్వవు. అదొక్కటి గమనిస్తే చాలు, తప్పు స్విచ్చుల్లో లేదని అర్థమవుతుంది. అతని పెడల్ బాగుంది, సాఫ్ట్‌వేర్ కూడా బాగుంది. ఆ రెండూ ఒకదాని మాట ఒకటి వేరే రకంగా అర్థం చేసుకుంటున్నాయి. ఇలాంటి ఫోన్లు నాకు కడపలో నెలకు ఒకటైనా వస్తాయి. చాలావాటిలో చిక్కు ఇదే. అందుకే మొదటినుంచి విప్పి చెప్పాలనిపించింది.

స్విచ్చు తొక్కితే అది నేరుగా వెళ్లి లూపును ఆన్ చేస్తుందని చాలామంది అనుకుంటారు. కాలికింద ఉన్న ఆ స్విచ్చుకి లూపంటే ఏమిటో, ప్యాడంటే ఏమిటో తెలియదు. అది సాధారణంగా పంపేది మూడు చిన్న సంఖ్యలు. మొదటిది, ఇది ఏ రకం సందేశం, 16 చానళ్లలో ఏ చానల్ మీద వస్తోంది అనే సంగతి. రెండోది, ఎన్నో నంబరు కంట్రోలర్ అన్నది. మూడోది, దాని విలువ. "ఒకటో చానల్, 102వ కంట్రోలర్, విలువ 127" అని చెప్పి అది ఊరుకుంటుంది. పాట గురించి, సౌండు గురించి ఒక్క ముక్క కూడా ఆ వైరులో ప్రయాణించదు.

వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే ఈ భాష పేరే మిడి. దీనికి నలభై ఏళ్లు దాటాయి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను ఒక కేబుల్‌తో కలిపి చూపించారు. పోటీలో ఉన్న రెండు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అప్పటికి పెద్ద విషయం. దీని వెనక ఉన్న డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆ రోజుల్లో చిప్పులు ఖరీదు, వేగం తక్కువ. ఒక్కో సంఖ్యకు ఉన్న ఎనిమిది బిట్లలో (0 లేదా 1 అనే గుర్తుల్లో) ఒకదాన్ని "ఇది సందేశం పేరా, లేక విలువా" అని గుర్తుపట్టడానికే వాడుకున్నారు. విలువకు ఏడు బిట్లు మిగిలాయి. మిడిలో ఎటు చూసినా 0 నుంచి 127 వరకే కనిపించడానికి కారణం అదే. 2020లో మిడి 2.0 వచ్చి ఈ హద్దును చాలా పైకి జరిపింది. అయినా మన ఊళ్లలో స్టేజీల మీద కాలికింద ఉండేవి ఇప్పటికీ ఎక్కువగా పాత పద్ధతివే.

మరి ఆ సంఖ్యకు అర్థం ఎక్కడ పుడుతుంది? ప్రొద్దుటూరులో గుంట మగ్గం దగ్గర కాసేపు కూర్చున్నవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. నేతన్న ఒక చెక్క తొక్కితే పడుగులో సగం దారాలు పైకి లేస్తాయి. ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. ఇంకో చెక్క తొక్కితే మిగతా సగం లేస్తాయి. ఏ చెక్కకు ఏ దారాలు లేవాలన్నది చెక్కలో లేదు. మగ్గం బిగించేటప్పుడు తాళ్లు ఎట్లా కట్టారన్నదాని మీద ఉంది. తాళ్లు మార్చి కడితే అదే చెక్క, అదే కాలు వేరే నేత నేస్తాయి. మ్యాపింగ్ అంటే ఆ తాళ్లు కట్టడమే. 102వ కంట్రోలర్ వస్తే ప్యాడ్ ట్రాక్ తెరుచుకోవాలి, 103 వస్తే లూపు మొదలవ్వాలి అని సాఫ్ట్‌వేర్‌లో ముడి వేస్తాం.

ఇక్కడ నంబర్ల ఎంపిక గురించి ఒక మాట చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. కొన్ని నంబర్లకు ముందే పనులు ఉన్నాయి. 1 మాడ్యులేషన్, 7 వాల్యూమ్, 11 ఎక్స్‌ప్రెషన్, 64 సస్టెయిన్ (కీ వదిలినా స్వరాన్ని మోగుతూ ఉంచేది). ఈ నంబర్లను స్విచ్చులకు ఇస్తే మీరు ముడి వేసిన పనితోపాటు సౌండు పుట్టించే సింథ్ కూడా తనంతట తాను స్పందిస్తుంది. లూపు ఆన్ చేయబోతే పియానో స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. 120 నుంచి 127 వరకు అసలు ముట్టుకోకూడదు. అవి చానల్‌కి ఇచ్చే ఆజ్ఞలు. 123 అంటే "మోగుతున్న స్వరాలన్నీ ఆపు" అని అర్థం. ఏ పనీ కేటాయించకుండా వదిలిన నంబర్లు 20 నుంచి 31 వరకు, 102 నుంచి 119 వరకు ఉన్నాయి. నేను ఎప్పుడూ 102 నుంచి మొదలుపెడతాను. కొన్ని పెడళ్లు కంట్రోలర్ సందేశాలకు బదులు స్వరాలను పంపుతాయి. అప్పుడు రికార్డుకు సిద్ధంగా ఉన్న ట్రాక్‌లో ఆ స్వరం నిజంగానే మోగుతుంది. ప్రార్థన మధ్యలో దబ్బుమని డ్రమ్ము వినిపించిందంటే ముందు చూడాల్సింది అక్కడే.

ముడి వేయడానికి ముందు సందేశం సాఫ్ట్‌వేర్ గడప దాటాలి. ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో మిడి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ప్రతి పోర్టుకూ (సందేశాలు వచ్చే ద్వారానికి) ట్రాక్, రిమోట్ అని విడివిడిగా ఉంటాయి. ట్రాక్ ఒక్కటే ఆన్ చేస్తే స్వరాలు వస్తాయి గానీ మ్యాపింగ్ పనిచేయదు. రిమోట్ కూడా ఆన్ చేసి, కంట్రోల్, ఎమ్ కీలు కలిపి నొక్కి, తెర మీద కావలసిన బటన్‌ను ఎంచుకుని, పెడల్ తొక్కాలి. రీపర్‌లో మిడి ఇన్‌పుట్‌ను కంట్రోల్ సందేశాలకు కూడా అనుమతించాలి, తర్వాత యాక్షన్ల జాబితాలో ముడి వేయాలి. ఎఫ్ఎల్ స్టూడియోలో నాబ్ మీద కుడి క్లిక్ చేస్తే లింక్ చేసే దారి కనిపిస్తుంది. పేర్లు వేరైనా పని ఒకటే. విండోస్‌లో పాత డ్రైవర్లతో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక పోర్టును ఒక ప్రోగ్రామ్ తెరిచిందంటే రెండోదానికి దొరకదు. తెర వెనక ఇంకేదో ప్రోగ్రామ్ తెరిచి ఉంటే మీ పెడల్ మూగబోతుంది.

ఆ తమ్ముడి దగ్గర ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. అతని చేత మిడి-ఆక్స్ అనే ప్రోగ్రామ్ ఒకటి తెరిపించాను. విండోస్‌లో పనిచేస్తుంది, వచ్చిన ప్రతి సందేశాన్నీ వరుసగా తెర మీద చూపిస్తుంది. మ్యాక్ వాడేవాళ్లకు మిడి మానిటర్ ఉంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మూసేసి, మొదటి స్విచ్చును నిదానంగా తొక్కి వదలమన్నాను. "102, 127" అని ఒక వరుస వచ్చింది. కాలు తీసినప్పుడు ఏమీ రాలేదు. రెండోసారి తొక్కితే "102, 0" వచ్చింది. మూడోసారికి మళ్లీ 127.

చిక్కుముడి మొత్తం ఆ రెండు వరుసల్లో ఉంది.

స్విచ్చులు రెండు రకాలుగా మాట్లాడగలవు. మొమెంటరీ అనేది కాలింగ్ బెల్ లాంటిది. తొక్కినప్పుడు 127, వదిలినప్పుడు 0. ఇంతకుముందు ఏం జరిగిందో దానికి పట్టదు. ల్యాచింగ్ అనేది గోడ మీది లైటు స్విచ్చు లాంటిది. ఒకసారి తొక్కితే 127 దగ్గర నిలబడుతుంది, మళ్లీ తొక్కితే 0కి దిగుతుంది. తాను ఆన్‌లో ఉన్నానా ఆఫ్‌లో ఉన్నానా అని గుర్తుపెట్టుకుంటుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తేడా ఉంటుంది. కొన్నిచోట్ల వచ్చిన విలువను బట్టి నడుచుకుంటుంది, 127 వస్తే ఆన్, 0 వస్తే ఆఫ్. కొన్నిచోట్ల టోగుల్ చేస్తుంది. అంటే 127 వచ్చిన ప్రతిసారీ ఉన్న స్థితిని తిరగేస్తుంది, 0 వస్తే కాలు తీశారనుకుని వదిలేస్తుంది.

ఇప్పుడు అతని పెడల్‌ను అతని సాఫ్ట్‌వేర్‌తో కలిపి చూడండి. మొదటి తొక్కుకి 127 వచ్చింది, సాఫ్ట్‌వేర్ ప్యాడ్‌ను ఆన్ చేసింది. రెండో తొక్కుకి 0 వచ్చింది, సాఫ్ట్‌వేర్ పట్టించుకోలేదు. మూడో తొక్కుకి 127 వచ్చింది, ప్యాడ్ ఆఫ్ అయింది. నాలుగోది మళ్లీ వృథా. గుర్తుపెట్టుకునే పని ఇద్దరు చేస్తున్నారు, ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. దీనికి అద్దం లాంటి తప్పు ఇంకొకటి ఉంది. పెడల్ మొమెంటరీ, సాఫ్ట్‌వేర్ విలువను బట్టి నడిచే రకం. అప్పుడు తొక్కి ఉంచినంతసేపే సౌండు వస్తుంది, కాలు తీయగానే పోతుంది. అక్కడ గుర్తుపెట్టుకునేవాళ్లు ఒక్కరూ లేరు.

కాబట్టి ఒకరు మాత్రమే గుర్తుపెట్టుకోవాలి. ఎవరు? పెడల్‌ను ల్యాచింగ్‌లో ఉంచి సాఫ్ట్‌వేర్‌ను విలువ ప్రకారం నడిపినా లెక్క సరిపోతుంది. అయినా నేను గట్టిగా చెప్పేది, పెడల్‌ను మొమెంటరీకి మార్చి, జ్ఞాపకాన్ని సాఫ్ట్‌వేర్‌కి వదలమని. దానికి మన ఊళ్లలో ఒక బలమైన కారణం ఉంది, అది కరెంటు. రాత్రి ప్రోగ్రామ్‌లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల కొన్ని సెకన్లు అంతా ఆగిపోతుంది. అడాప్టర్ మీద నడిచే పెడల్ ఆరిపోయి, మళ్లీ వెలిగేసరికి తన జ్ఞాపకాన్ని పోగొట్టుకుని అన్నీ ఆఫ్ అనుకుంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, అందులో ప్యాడ్ ఇంకా ఆన్‌లోనే ఉంటుంది. అప్పటినుంచి రెండింటి లెక్కా తప్పుతుంది. పెడల్ కాలింగ్ బెల్ లాగా ఉంటే ఈ గొడవే రాదు, దాని దగ్గర పోవడానికి జ్ఞాపకమే లేదు. యూఎస్‌బీతో ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే పెడళ్లకు ఈ బాధ తక్కువ.

ఇందులో ఒక నష్టం ఉంది, దాచను. పెడల్ మీది చిన్న లైటు చాలా మోడళ్లలో పెడల్ జ్ఞాపకాన్నే చూపిస్తుంది. మొమెంటరీలో అది తొక్కినప్పుడు వెలిగి ఆరిపోతుంది. ఏది ఆన్‌లో ఉందో కాలికింద చూసుకోలేరు. సాఫ్ట్‌వేర్ నుంచి పెడల్‌కి తిరుగు సందేశం పంపి లైటు వెలిగించే సదుపాయం ఉన్న పెడళ్లు ఉన్నాయి. అది లేనివాళ్లు ల్యాప్‌టాప్ తెరను కనిపించేచోట పెట్టుకోవాలి. తప్పు చూపించే లైటు కన్నా ఏమీ చూపించని లైటే మంచిదని నా నమ్మకం.

ఇదే లక్షణం ఒక్క స్విచ్చులో, అప్పుడప్పుడు మాత్రమే కనిపిస్తే అది వేరే జబ్బు. స్విచ్చు లోపలి లోహపు రేకులు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. ఒక్క తొక్కు రెండు తొక్కులుగా లెక్కకు వస్తుంది, ఆన్ అయింది వెంటనే ఆఫ్ అవుతుంది. కంపెనీ పెడళ్లలో దీన్ని లోపలే సర్దేస్తారు. ఆర్డినో లియోనార్డో లాంటి బోర్డుతో సొంతంగా పెడల్ చేసుకునే కుర్రాళ్లు మన దగ్గర కూడా ఉన్నారు, వాళ్లంటే నాకు చాలా ఇష్టం. మొదటి మార్పును లెక్కలోకి తీసుకున్నాక 20, 30 మిల్లీసెకన్ల పాటు ఇంకేమీ లెక్కపెట్టొద్దని ప్రోగ్రామ్‌లో రాస్తే సరిపోతుంది.

ఎక్స్‌ప్రెషన్ పెడల్ సంగతి వేరు. ఆన్, ఆఫ్ కాకుండా 0 నుంచి 127 వరకు జారుతూ పోతుంది. ఇక్కడ చాలామందిని భయపెట్టేది విలువ ఒక్కసారిగా దూకడం. పాట మారినప్పుడు తెర మీద వాల్యూమ్ 40కి దిగింది, మీ పెడల్ మాత్రం 90 దగ్గరే ఉంది అనుకోండి. కాలు కాస్త కదిలించగానే వాల్యూమ్ ఒక్కసారిగా 90కి దూకుతుంది, జనం ఉలిక్కిపడతారు. దీనికోసమే ఏబుల్టన్ లైవ్‌లో టేకోవర్ అనే సెట్టింగ్ ఉంది. అందులో పికప్ ఎంచుకుంటే, పెడల్ 40ని దాటేవరకు దాని మాట వినదు, దాటాక చేతికి అందుకుంటుంది. వాల్యూమ్‌కి నేను పికప్‌నే వాడతాను. అయితే ఆ కొద్దిసేపూ పెడల్ చచ్చిపోయినట్టు అనిపిస్తుంది, కంగారుపడి గట్టిగా తొక్కకూడదు.

ఇంకో జాగ్రత్త, పెడల్‌తో వాల్యూమ్ నడిపేటప్పుడు కింది హద్దు 0 పెట్టొద్దు. 40 దగ్గర పెట్టండి. మడమ బరువు పొరపాటున పడినా పాట మధ్యలో సౌండు మాయమవ్వదు. పెడల్‌కి 11 నంబరు వాడి, 7 నంబరును సౌండ్ల మధ్య సమతూకానికి వదిలేస్తే ఇంకా మంచిది. పెడల్ కొనేముందు మీ కంట్రోలర్ పుస్తకంలో జాక్ వైరింగ్ ఎలా ఉందో చూడండి. జాక్ కొనన ఉండే టిప్, దాని వెనకుండే రింగ్ కనెక్షన్లు అన్ని కంపెనీల్లో ఒకటి కావు, తారుమారైతే పెడల్ సగం దూరంలోనే మొత్తం విలువ చూపించడం లాంటి వింతలు చేస్తుంది. సస్టెయిన్ పెడల్ తిరగబడి, కాలు తీస్తే మోగుతూ తొక్కితే ఆగుతుంటే, దాన్ని తొక్కకుండా కీబోర్డు ఆపి ఆన్ చేయండి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఎలా ఉందో దాన్నే "తొక్కని స్థితి" అనుకుంటాయి.

సౌండ్లు మార్చే ప్రోగ్రామ్ చేంజ్ సందేశంలో ఉన్న తికమక ఒక్కటే. వైరులో నంబర్లు 0 నుంచి 127 వరకు, కొన్ని తెరల మీద 1 నుంచి 128 వరకు. ఐదో సౌండు అడిగితే ఆరోది వస్తోందంటే మీ రెండు పరికరాల్లో ఒకటి సున్నా నుంచి, ఇంకొకటి ఒకటి నుంచి లెక్కపెడుతున్నాయి.

"పెడల్ ఆలస్యంగా పలుకుతోంది" అనే ఫిర్యాదు కూడా తరచుగా వింటాను. ఐదు పిన్నుల మిడి కేబుల్ సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది. మూడు సంఖ్యల సందేశం దాటడానికి పట్టేది సుమారు ఒక మిల్లీసెకను. అదే ల్యాప్‌టాప్ సౌండును ముందుగా పోగుచేసుకునే ఆడియో బఫర్ 1024 శాంపిళ్ల (సౌండు ముక్కల) దగ్గర ఉంటే, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క బఫర్‌కే 21 మిల్లీసెకన్లు పోతాయి. 256కి తగ్గిస్తే 5 మిల్లీసెకన్ల దగ్గరకు వస్తుంది. ఇంకొకటి, కొన్ని సాఫ్ట్‌వేర్లలో లూపు తర్వాతి తాళం మొదట్లోనే మొదలయ్యేలా సెట్టింగ్ ఉంటుంది. అది ఆలస్యం కాదు, మీ మేలు కోసం ఆగడం.

ఇక అసలు కాలి సంగతి. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం కీచకవధం ఆడింది. ఆ దారిలో వచ్చిన పద్యనాటకాల్లో హార్మోనిస్టు కాళ్లతో తిత్తులు తొక్కుతూ రెండు చేతులా వాయించేవాడు. మా గురువుగారు అలాంటి కాళ్ల హార్మోనియం మీద తెల్లవారేదాకా వాయించినవారే. ఆయన కాళ్లకు ఉన్నది ఒకటే పని, గాలి అందించడం. దాని గురించి ఆయన ఆలోచించాల్సిన అవసరమే లేదు, మనసంతా పద్యం మీద ఉండేది. పది స్విచ్చులకు పది పనులు కట్టిన రోజున ఆ వెసులుబాటు మనకు పోతుంది. ఏది ఎక్కడుందో గుర్తుచేసుకోవడానికే సగం మనసు ఖర్చవుతుంది.

పైగా ఈ పెడళ్లు బూట్లు వేసుకున్న కాళ్లకోసం తయారైనవి. మనం చర్చిలో, గుడి ముందు, దర్గా దగ్గర చెప్పులు బయట వదిలి ఉత్త కాళ్లతో వాయిస్తాం. ఇనుప బటన్ బొటనవేలికి గుచ్చుకుంటుంది. అయితే ఉత్త కాలికి ఒక మేలు ఉంది, చూడకుండానే తడిమి తెలుసుకోగలదు. అందుకే నేను ఒక బటన్ మీద మందపాటి రబ్బరు తొడుగు, దాని పక్కదాని మీద పలచటిది వేస్తాను. పని ఏదో పాదానికే తెలుస్తుంది. ఎండాకాలం ఊరేగింపుల్లో ఆ రబ్బరు ఇంకా అవసరం. మధ్యాహ్నం ఎండలో అరగంట ఉన్న ఇనుప బటన్ మీద ఉత్త కాలు పెట్టలేం.

ప్రొద్దుటూరు తమ్ముడి పెడల్‌ను ఆ రాత్రే ఫోన్లో మొమెంటరీకి మార్పించాను. పది స్విచ్చుల్లో నాలుగింటికే పనులు ఉంచాం. ప్యాడ్, లూపు, రివర్బ్, తర్వాతి పాట. మిగతా ఆరింటికి వేసిన ముడులు తీసేశాం, పొరపాటున తొక్కినా ఏమీ జరగదు. రెండు చివర్లలో ప్యాడ్, లూపు పెట్టుకున్నాడు, ఎందుకంటే చివరి స్విచ్చు కాలికి తేలిగ్గా దొరుకుతుంది. మ్యాపింగ్ ఉన్న ప్రాజెక్టును ఒక పెన్ డ్రైవ్‌లో కాపీ చేసుకుని కీబోర్డు బ్యాగులో వేసుకున్నాడు.

క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆరాధనలో, పాట మధ్యలో కరెంటు పోయిందట. మైకులు, బాక్సులు, పెడల్ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. జనం ఆపకుండా ఉత్త గొంతులతో పాడుతూనే ఉన్నారు. జనరేటర్ అందుకుని బాక్సులు తిరిగి పలికేసరికి అతని ప్యాడ్ అదే శ్రుతిలో వాళ్ల గొంతుల కింద నిలబడి ఉంది. చరణం అయ్యాక ఎడమ చివరి స్విచ్చును ఒక్కసారి తొక్కాడు, ఆగిపోయింది.